శబ్దం లేని గది సంగతి సరే.. ముందు ఎడమ చెవి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 46. రైస్ మిల్లులో పదిహేనేళ్లుగా సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే చెవుల్లో సన్నగా ‘కుయ్’మని మోత వస్తుంది. పది రోజుల నుంచి ఎడమ చెవిలో బాగా ఎక్కువైంది. ఫోను కూడా కుడి చెవికే పెట్టుకుంటున్నాను. ఇంట్లో వాళ్లు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు. మెడికల్ షాపులో డ్రాప్స్, నరాల బలానికి మాత్రలు ఇచ్చారు. అమెరికాలో అసలు శబ్దమే లేని గది ఉందట. అలాంటి చోట కూర్చుంటే ఈ మోత పోతుందా? మనిషికి పూర్తి నిశ్శబ్దం ఎప్పటికైనా సాధ్యమేనా?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు నిశ్శబ్దం గురించి అడిగారు. నేను మాత్రం ‘ఫోను కూడా కుడి చెవికే పెట్టుకుంటున్నాను’ అన్న దగ్గర ఆగిపోయాను. ఎడమ చెవికి పెడితే మాట సరిగా వినపడటం లేదనేగా? అలాగైతే మోతతో పాటు ఆ చెవికి వినికిడి కూడా తగ్గి ఉండొచ్చు. పది రోజుల్లోనే, ఒక్క వైపే తగ్గిందంటే ఆలస్యం చేయకూడదు.

మిల్లు హోరు వల్ల వచ్చే నష్టం సాధారణంగా రెండు చెవులకూ కాస్త అటూ ఇటూగా సమానంగా, ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. ఫ్యాన్ ఆగినప్పుడు రెండు వైపులా వినిపించే పాత మోతకు అది కారణం కావచ్చు. ఈ పది రోజుల మార్పు ఆ లెక్కలోకి రాదు. గులిమి అడ్డుపడినా ఇలా ఉంటుంది, అదే అయితే పది నిమిషాల పని. లోపలి చెవి నరానికి సంబంధించి హఠాత్తుగా వచ్చిన వినికిడి లోపం అయితే మాత్రం స్టెరాయిడ్ వైద్యం ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మొదటి రెండు వారాల్లో ఫలితం బాగుంటుంది. మీకు ఇప్పటికే పది రోజులు గడిచాయి. ఇది చదివిన రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. నోరు మూసుకుని ‘మ్..’ అని కాసేపు గట్టిగా అనండి. ఆ శబ్దం ఎడమ చెవిలో ఎక్కువగా వినిపిస్తే గులిమి లాంటి అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. బాగున్న కుడి చెవిలో ఎక్కువగా వినిపిస్తే నరం వైపు అనుమానించాలి. ఇది సూచన మాత్రమే. కుడి, ఎడమ ఏది వచ్చినా వెళ్లడం మానకండి. చెవిలోకి చూసి, ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో కొలిచే పరీక్ష) తీస్తేగానీ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. తేడా ఒకే చెవిలో ఉంటే ఎంఆర్ఐ కూడా రాయొచ్చు, కంగారు పడకండి. వినికిడి నరం మీద అరుదుగా వచ్చే గడ్డ లేదని తేల్చుకోవడానికి అది రాస్తారు.

ఇక ఆ నూనె. చెవి నొప్పి అన్నా, మోత అన్నా, దురద అన్నా మన ఇళ్లలో మొదట పొయ్యి మీదకు ఎక్కేది నూనె గరిటే. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ చెవిలో దీపం వేసి చూస్తే నల్లగా ఉబ్బిన గులిమి, దాని మీద నూనె జిడ్డు, పక్కన చిన్న వెల్లుల్లి ముక్క. అంతా శుభ్రం చేశాక కర్ణభేరికి రంధ్రం కనబడింది. ఆ రంధ్రం ఎప్పటి నుంచో ఉంది, ఆవిడకు తెలియదు. పోసిన నూనె ప్రతిసారీ మధ్య చెవిలోకి దిగుతూనే ఉంది. డ్రాప్స్‌తోనూ ఇదే భయం. కొన్ని చుక్కల మందుల్లో జెంటామైసిన్ లాంటివి ఉంటాయి, కర్ణభేరికి రంధ్రం ఉంటే అవి లోపలి చెవిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. చెవి చూడకుండా చుక్కలు ఎలా ఇస్తారండీ? మీరైనా ఎలా వేసుకున్నారు? అన్నింటికన్నా నాకు బాధ కలిగించేది, ఇవన్నీ వాడుతూ ‘రేపు తగ్గుతుందిలే’ అని పది రోజులు పోగొట్టుకోవడం. ఇవాళ్టి నుంచి నూనె, చుక్కలు రెండూ ఆపండి. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీరే కొని వేసుకోవద్దు. షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది. మీలాంటి వాళ్లకు కర్ణభేరి గుండా ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఏది తగినదో చూసిన డాక్టరే నిర్ణయించాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు చదివిన గది బహుశా రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ కట్టినది. 2015లో అక్కడ మైనస్ 20.35 డెసిబెల్స్ నమోదైంది. సున్నా డెసిబెల్స్ అంటే శబ్దం లేదని కాదు, ఆరోగ్యంగా ఉన్న చెవి పట్టుకోగల అతి చిన్న శబ్దం అని. అందుకే దానికి కిందికీ వెళ్లొచ్చు. అయితే బయటి శబ్దం అంతగా పోయిన చోట మన గుండె, ఊపిరి, మెడ తిప్పితే కీళ్ల చప్పుడు పైకి వస్తాయి. 1951 ప్రాంతంలో జాన్ కేజ్ అనే సంగీతకారుడు హార్వర్డ్‌లో ఇలాంటి గదిలోకి వెళ్లి, ఒకటి సన్నటిది, ఒకటి బొంగురుది, రెండు శబ్దాలు విన్నానన్నారు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెడితే నూటికి 94 మంది ఏదో ఒక మోత వినిపించిందన్నారు. లోపలికి వచ్చే శబ్దం తగ్గితే మెదడు రేడియో వాల్యూమ్ పెంచినట్టు పెంచుకుంటుంది, నరాల్లో ఎప్పుడూ ఉండే అలికిడే అప్పుడు మోతగా తెలుస్తుంది. కాబట్టి పూర్తి నిశ్శబ్దం దాదాపు ఎవరికీ అనుభవంలోకి రాదు. ఆ గదిలో కూర్చుంటే మీ మోత తగ్గకపోగా ఇంకా గట్టిగా వినిపించే అవకాశమే ఎక్కువ.

అందుకే రాత్రి పూట మరీ నిశ్శబ్దం కోసం తాపత్రయపడకండి. ఫ్యాన్ తిరగనివ్వండి, కరెంటు లేకపోతే చిన్నగా రేడియో పెట్టుకోండి. మిల్లులో ఇయర్‌మఫ్‌లు పెట్టుకోండి.

తల తిరుగుడు, మూతి వంకర పోవడం, గుండె కొట్టుకున్నట్టు లయగా మోత ఉంటే అది కూడా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టు, మీరు వాడిన డ్రాప్స్ సీసా, మాత్రల అట్ట పట్టుకెళ్లండి. ఏం పోశారో చెప్పడానికి మొహమాటపడకండి.