తఫ్సీర్ గురించి రాయబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇస్లామిక్ స్టడీస్‌లో ఎం.ఏ. చేస్తూ, క్లాసులో చదివింది తెలుగులో రాయాలనుకుంటున్నావు. చాలా సంతోషమమ్మా. తెలుగులో ఖురాన్ అనువాదాలకు లోటు లేదు, చిలుకూరి నారాయణరావు గారి కాలం నుంచీ వస్తూనే ఉన్నాయి. కానీ తఫ్సీర్‌లో, అంటే ఖురాన్ వ్యాఖ్యానంలో, 1,200 ఏళ్లుగా పండితులు ఆ గ్రంథాన్ని ఎలా చదివారో, ఎక్కడెక్కడ ఒకరితో ఒకరు విభేదించారో చెప్పే రచనలు మనకు బాగా తక్కువ. ఆ పని నువ్వు చేయగలవు. అందుకే నీ వ్యాసం గురించి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"మతంలో బలవంతం లేదు" అన్న ఆయతు (ఖురాన్ వాక్యం, 2:256) తీసుకున్నావు. "ఖురాన్ ఇలా చెబుతోంది" అని మొదలుపెట్టి, అన్సార్ల (ప్రవక్తకు అండగా నిలిచిన మదీనావాసుల) పిల్లల కథతో ముగించావు. ఆ కథ నాకూ ఇష్టమే. పిల్లలు దక్కని మదీనా తల్లులు, బిడ్డ బతికితే యూదుడిగా పెంచుతామని మొక్కుకునేవారట. తర్వాత బనూ నజీర్ అనే యూదు తెగ మదీనా విడిచి వెళ్లాల్సి వచ్చింది. అలాంటి పిల్లలు కొందరు ఆ తెగలోనే ఉన్నారు. మా పిల్లల్ని వదులుకోలేమని కన్నవాళ్లు అన్నప్పుడు ఈ ఆయతు దిగిందని రివాయత్ (పరంపరగా వచ్చిన కథనం).

ఇప్పుడు తబరీ తఫ్సీర్ తెరువు. 923లో బాగ్దాద్‌లో కన్నుమూసిన ఆ పండితుడు ఈ ఒక్క వాక్యం కింద ఎన్ని మాటలు చేర్చాడో చూడు. ప్రతి మాటకూ ముందు ఎవరు ఎవరి దగ్గర విన్నారో పేర్లన్నీ వరసగా ఇస్తాడు. నువ్వు చెప్పిన కథ అందులో ఉంది. సిరియా వర్తకుల మాట విని కొడుకులిద్దరూ క్రైస్తవులైపోతే బాధపడిన తండ్రి కథ కూడా ఉంది. ఇది యూదులు, క్రైస్తవుల్లాంటి గ్రంథం ఉన్న మతస్థులకే వర్తిస్తుందని, వాళ్లు జిజియా (ముస్లిం పాలనలో ముస్లిమేతరులు కట్టే పన్ను) కడితే మతం మారమని బలవంతపెట్టకూడదని కొందరన్నారు. యుద్ధం గురించిన ఆయతులు వచ్చాక ఇది రద్దయిందని ఇంకొందరన్నారు. అందరి మాటా వినిపించాకే తబరీ తన తీర్పు చెప్పాడు: ఆయతు రద్దు కాలేదు, కానీ అది జిజియా తీసుకోదగిన మతస్థుల విషయంలో చెప్పిన మాట.

ఈ జిజియా సంగతి నువ్వు చదవకపోయి ఉండవు. రాయాలంటే టెన్షన్ పడి ఉంటావు. ఇప్పుడున్న పరిస్థితుల్లో ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ముక్క వదిలేసిన వ్యాసాన్ని, "రద్దయింది" అన్న ముక్కొక్కటే పట్టుకునేవాడు క్షణంలో పడగొట్టేస్తాడు. అతను చూపించేదీ తబరీనే. నువ్వే మొత్తం చూపించి ఉంటే, నీ పాఠకుడికి అతని దగ్గర కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఖ్వారజ్మ్‌కు చెందిన జమఖ్షరీ (మరణం 1144) ఇదే వాక్యాన్ని మరోలా చదివాడు. విశ్వాసాన్ని దేవుడు బలవంతం మీద నిలపలేదు, మనిషి ఎంపికకే వదిలాడు అన్నాడు. చదివితే ఎంత బాగుంటుందో! కానీ ఆయన ముతజిలా అనే వేదాంత శాఖ పండితుడు. మనిషికి ఎంచుకునే శక్తి ఉందన్నది వాళ్ల సిద్ధాంతానికి పునాది. ఆ సంగతి చెప్పకుండా ఆయన మాట ఒక్కటే కోట్ చేస్తే, ఈ కాలపు ఉదారవాది ఎవరో మాట్లాడినట్టుంటుంది. ముఫస్సిర్ (ఖురాన్ వ్యాఖ్యాత) పేరు రాసిన ప్రతిసారీ అతని ఊరు, కాలం, సంప్రదాయం ఒక్క ముక్కలోనైనా చెప్పు.

ఇన్ని అభిప్రాయాలు బయటపెడితే పాఠకుల ఈమాన్ (విశ్వాసం) కదులుతుందని ఎవరో అన్నారని రాశావు. తబరీ కంటే గట్టి విశ్వాసి ఎవరమ్మా? ఆయన దాచలేదు కదా. సూరా (అధ్యాయం) 3, ఆయతు 7 చూడు. అనేక అర్థాలకు తావిచ్చే ఆయతుల భావం "దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు" అన్న చోట ఆగితే ఒక అర్థం. ఆగకుండా "జ్ఞానంలో స్థిరపడినవారికి" అన్నదీ కలిపి చదివితే పండితులకూ తెలుస్తుందని అర్థం. తొలి తరాల నుంచీ రెండు విధాలా చదివినవాళ్లున్నారు. నీ తర్వాతి వ్యాసం దీని మీదే రాయొచ్చు.

అరబ్బీ వ్యాకరణం మాత్రం వదలొద్దు. ఉర్దూ అనువాదాలతో ఎం.ఏ. గట్టెక్కుతావేమో, పరిశోధన సాగదు. పైగా నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ మీ ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. 15వ శతాబ్దపు బిఖాయీ తఫ్సీర్‌ను 22 సంపుటాల్లో అచ్చువేసింది ఆ సంస్థే. ఒక ఆయతుకు తర్వాతి ఆయతుతో, ఒక సూరాకు తర్వాతి సూరాతో ఉన్న సంబంధాన్ని బిఖాయీ వెతికాడు. ఖురాన్‌ను వివరించడానికి బైబిల్‌ను ఉటంకించాడు. తోటి పండితులు మండిపడితే, అలా ఉటంకించడం తప్పు కాదని విడిగా ఒక గ్రంథమే రాశాడు. సూరాల అమరిక మీదే ఎన్నో ఏళ్లు పనిచేసిన హమీదుద్దీన్ ఫరాహీ కూడా కొంతకాలం హైదరాబాద్ దారుల్ ఉలూమ్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. వీళ్ల గురించి తెలుగులో నువ్వు రాస్తే చదవాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

ముందు ఈ వ్యాసం తిరగరాయి. తబరీ ఆ వాక్యం కింద రాసిందంతా పేర్లతో సహా నీ నోట్‌బుక్‌లోకి తెలుగు చేసుకో. వ్యాసంలో ఆ పేర్ల వరస అక్కర్లేదు, మాట ఎవరిదో ఆ ఒక్క పేరు చాలు. జిజియా పేరా ఫుట్‌నోట్‌లోకి నెట్టకుండా తబరీ తీర్పు దగ్గరే ఉంచు. ఫఖ్రుద్దీన్ రాజీ అనే ముఫస్సిర్ జోలికి ఇప్పుడే వెళ్లకు, ఆయన చర్చలు చాలా పొడుగు. ఆ తర్వాతే జమఖ్షరీని చేర్చి నాకు పంపు.