హెరోబ్రైన్ నిజంగా ఉన్నాడా? ఒకప్పుడు ఇలాంటి దయ్యాన్నే తయారుచేసినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: తొమ్మిదేళ్ల మీ బాబు మైన్‌క్రాఫ్ట్‌లో తెల్లకళ్ల హెరోబ్రైన్ తిరుగుతున్నాడని వీడియోల్లో చూసి, రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదు. వాడు నిజంగా ఆటలో ఉన్నాడా, లేకపోతే అంతమంది చూశామని ఎందుకు చెప్తున్నారు, ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లే ఇలాంటి అబద్ధాలు ఎందుకు పుట్టిస్తారు?

మొదటిదానికి జవాబు ఒక్క మాట. లేడు. మైన్‌క్రాఫ్ట్ ఏ వెర్షన్‌లోనూ హెరోబ్రైన్ లేడు. 2010లో పేరు చెప్పని ఒకరు ఇంటర్నెట్‌లో ఒక చిత్రం, దానికో కథ పెట్టారు. దూరంగా పొగమంచులో ఆటగాడి మామూలు రూపమే, కళ్లు మాత్రం తెల్లగా. ఆట తయారుచేసిన నాచ్‌కి చనిపోయిన సోదరుడు ఉన్నాడని, ఇది అతనేనని కథ. అలాంటి సోదరుడెవరూ లేరని నాచ్ స్వయంగా చెప్పారు. అదే ఏడాది బ్రోక్రాఫ్ట్ అనే లైవ్ ఛానెల్‌లో ఒకతను ఆడుతూ ఆడుతూ గదిలోకి వెళ్లగానే హెరోబ్రైన్ ఎదురుపడ్డట్టు చూపించాడు. అది బొమ్మ మార్చి అక్కడ పెట్టిందేనని తర్వాత బయటపడింది. ఆ తర్వాత మైన్‌క్రాఫ్ట్ కంపెనీ మోజాంగ్ వాళ్లు సరదాకి కొత్త అప్‌డేట్‌ల మార్పుల జాబితాలో 'హెరోబ్రైన్‌ని తీసేశాం' అని రాయడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లకి అది సరదా. పిల్లలకి మాత్రం అదే సాక్ష్యం అయింది: 'తీసేశారంటే ముందు ఉన్నట్టేగా!' మీ బాబు కూడా మీతో ఈ మాట అనే ఉంటాడు.

రెండో ప్రశ్నకి జవాబు నేను బయటినుంచి చెప్పలేను, ఎందుకంటే నేనూ అలాంటిది ఒకటి చేశాను.

కుర్రతనంలో నేను జీటీఏ ఆటల్లో ఒకటైన శాన్ ఆండ్రియాస్ పిచ్చిలో ఉండేవాణ్ణి. 2004లో వచ్చిన ఆ ఆటలో బ్యాక్ ఓ బియాండ్ అనే అడవి ఉంది. ఎత్తైన చెట్లు, పొగమంచు, మనిషి జాడ ఉండదు. అక్కడ బిగ్‌ఫుట్, అంటే ఒళ్లంతా జుట్టుండే మనిషిలాంటి పెద్ద జంతువు, తిరుగుతోందని అప్పట్లో ప్రపంచమంతా అనుకునేది. నేను, మా చిన్నాన్న కొడుకు రాత్రిళ్లు గంటలకొద్దీ అక్కడే తిరిగేవాళ్లం. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. కీబోర్డు నాది, చూపు వాడిది. 'అన్నయ్యా, అదిగో' అనేవాడు. దగ్గరికి వెళ్తే చెట్టు. ఆ ఆటలో దూరంగా ఉన్నవాటిని మోటుగా గీసి, మనం దగ్గరికి వెళ్లాక అసలు రూపంలోకి మారుస్తారు, కంప్యూటర్ మీద భారం తగ్గించడానికి. అందుకే ఒక నల్లటి ఆకారం చూస్తుండగానే మాయమై అక్కడ చెట్టు మొలిచినట్టు ఉంటుంది. ఒకసారి మాత్రం నిజంగానే ఒళ్లు ఝల్లుమంది. డొక్కు గ్లెండేల్ కారు ఒకటి, లోపల ఎవరూ లేకుండా, చెట్ల మధ్యనుంచి దొర్లుకుంటూ మా మీదకి వచ్చింది. మా తమ్ముడు నా చొక్కా పట్టుకుని వదల్లేదు.

ఆ కార్లు నిజం. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఆట తయారుచేసినవాళ్లు పాత కార్లని ఆ అడవిలో పెట్టారు, ఆ చోటు వాలుగా ఉంది. మనం దగ్గరికి వెళ్లినప్పుడు కారు అక్కడ పుడుతుంది, పుట్టగానే వాలు మీద జారుతుంది. అంతే. కానీ ఇలాంటి పుకారు ప్రతిదానికీ అడుగున ఇలాంటి నిజం ఒకటి ఉంటుంది. శుద్ధ అబద్ధం ఎక్కువ రోజులు బతకదు.

ఎంత వెతికినా దొరక్కపోయేసరికి, నేనే ఒకటి తయారుచేద్దామనుకున్నాను. మోసం చేద్దామని కాదు. అది ఆ అడవిలో ఉండాలని నాకు అంత బలంగా అనిపించింది. ఆ ఆటలోని బొమ్మలు చాలామటుకు జీటీఏ3.ఐఎంజీ అనే ఒక పెద్ద ఫైల్‌లో ఉంటాయి. దాన్ని తెరిచే చిన్న టూల్ దొరుకుతుంది. లోపల డీఎఫ్ఎఫ్ అంటే ఆకారం, టీఎక్స్‌డీ అంటే దాని మీద తొడిగే చర్మం. రోడ్డు మీద తిరిగే ఒక పాత్ర చర్మాన్ని బయటికి తీసి, ముదురు గోధుమ రంగు పూసి, ముఖం చెరిపేసి మళ్లీ లోపల పెట్టాను. స్క్రీన్‌షాట్ తీస్తే మరీ స్పష్టంగా ఉంది, ఎవరూ నమ్మరు. అందుకని మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించి, ఫోన్‌తో తెరని వీడియో తీశాను, చెయ్యి కొంచెం వణికేలా. మసకగా ఉంటే మిగతాది చూసేవాడి మనసే పూర్తిచేస్తుందని అప్పుడే తెలిసింది.

అసలు కిటుకు వీడియో కాదు. దాని కింద రాసిన షరతు. 'ఆటలో రాత్రి 2 నుంచి 4 లోపు, పొగమంచు ఉన్నప్పుడు, చేతిలో ఆయుధం లేకుండా, ఒక్క చీట్ కూడా వాడని సేవ్‌లో మాత్రమే కనిపిస్తుంది' అని రాశాను. చీట్ కోడ్లు, అంటే ఆటని తేలిక చేసే దొంగ కిటుకులు, వాడకుండా ఆ ఆట ఆడినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. కనిపించకపోతే తప్పు నాది కాదు, వాళ్లది.

నాలుగు రోజుల్లో జవాబులు వచ్చాయి. ఒకతను తన దగ్గర కత్తి ఉంది కాబట్టి అది పారిపోయిందని రాశాడు. ఇంకొకతను అది కొలను పక్కన వంగి నీళ్లు తాగడం తన కళ్లతో చూశానన్నాడు. నేను మార్చిన బొమ్మకి వంగడం రాదు, పైగా అది నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. వాళ్లు అబద్ధమాడారని నేను ఈరోజుకీ అనుకోవడం లేదు. మేం చూసిన చెట్టునే వాళ్లూ చూసి ఉంటారు. అంతమంది చూశామని ఎందుకంటున్నారని మీరు అడిగారు కదా, నాకు తెలిసిన జవాబు ఇదే. కనిపిస్తుందని ముందే తెలిసి వెళ్లినవాడికి కనిపిస్తుంది.

తర్వాత పాత పుకార్లన్నీ తవ్వి చూస్తే, దాదాపు అన్నిట్లోనూ నేను రాసినలాంటి షరతే ఉంది. స్ట్రీట్ ఫైటర్ 2 (1991) సంగతి చూడండి. అందులోని ర్యూ అనే పోరాటగాడు గెలిచాక చెప్పే ఒక మాటలో జపనీస్‌లో 'షోర్యూకెన్' అని ఉంటుంది, అంటే పైకెగిరే డ్రాగన్ పిడికిలి అనే దెబ్బ. ఇంగ్లీషులోకి మార్చినవాళ్లు అది దెబ్బ అని గుర్తించక 'షెంగ్ లాంగ్' అని మనిషి పేరులా రాశారు. ఆ షెంగ్ లాంగ్ ఎవరు అని ఆటగాళ్లు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. 1992 ఏప్రిల్ ఫూల్ సందర్భంగా ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ పత్రిక అతన్ని రప్పించే దారి అచ్చేసింది: ర్యూతో ఒక్క దెబ్బ కూడా తినకుండా చివరి శత్రువు దాకా వెళ్లాలి, అక్కడ వరసగా పది రౌండ్లు కొట్టకుండా, కొట్టించుకోకుండా నిలబడాలి. ఎవడివల్ల అవుతుంది? కాలేదు కాబట్టే అది బతికింది. వేరే పత్రికలు కూడా నిజమనుకుని వేసుకున్నాయి.

పోకెమాన్ మొదటి ఆటలో ట్రక్కు కింద మ్యూ అనే పోకెమాన్ జీవి ఉందన్న మాట నాకు వీటన్నిట్లోకీ ఇష్టం. ఓడరేవు పక్కన ఒక ట్రక్కు నిజంగానే ఉంది. ఆట మొత్తంలో అలాంటిది మరొకటి కనిపించదు, దానితో చేసే పనీ లేదు. దాని దగ్గరికి నీళ్ల మీద ఈదుకుంటూ వెళ్లాలి, కానీ ఈత వచ్చేసరికి ఎస్.ఎస్. ఆన్ ఓడ వెళ్లిపోయి రేవు మూసుకుపోతుంది. మామూలుగా ఆడినవాడు దాన్ని చూడనే చూడడు. పుకారు విన్నవాడు ఆట మొత్తం మొదటినుంచి మొదలుపెట్టి, ఓడ కదలకుండా కిటుకులు పడాలి. అంత కష్టపడి వెళ్లాక ట్రక్కు కదలకపోతే, ఏదో స్టెప్ తప్పానేమో అనుకుంటాడు తప్ప అబద్ధమని అనుకోడు. ఇప్పుడు ఆ ఆట కోడ్ మొత్తం విప్పి చదివారు, ట్రక్కు కింద ఏమీ లేదు. అయితే మ్యూ మాత్రం ఆటలో ఉంది! షిగెకి మొరిమొటో అనే ప్రోగ్రామర్ చివరి నిమిషంలో, డీబగ్ సరంజామా, అంటే తప్పులు వెతికే పనిముట్లు, తీసేయగా మిగిలిన 300 బైట్ల చోటులో దాన్ని ఇరికించారు. ఆటలో ఉన్న ఒక లోపాన్ని వాడుకుని దాన్ని పట్టే దారి 2003లో బయటపడింది. అంటే పిల్లలు నమ్మింది సగం నిజం, చోటు ఒక్కటే తప్పు. 2004లో ఆ ఆటని కొత్తగా చేసినప్పుడు కంపెనీవాళ్లే ట్రక్కు దగ్గర ఒక లావా కుకీ దాచారు, వెతికినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లకూడదని.

ఇలా పుకారు ఆటలోకి వచ్చేయడం కూడా జరుగుతుంది. మోర్టల్ కాంబాట్ అనే కొట్లాట ఆట లెక్కల పేజీలో 'ఎర్మాక్స్' అనే మాట కనిపించింది, అది ఎర్రర్ మాక్రోలకి, అంటే తప్పులు పట్టే కోడ్ ముక్కలకి, కుదించిన పేరు. ఆటగాళ్లు దాన్ని ఎర్ర నింజా పేరు అనుకున్నారు. 1995లో ఎర్మాక్ నిజంగానే ఆటలోకి వచ్చాడు. జీటీఏ 5 (2013)లో బిగ్‌ఫుట్ వేట ఉంది, పట్టుకుంటే వేషం వేసుకున్న మనిషి. ఆ సన్నివేశం చూసినప్పుడు నా వీడియో గుర్తొచ్చి కాసేపు ఆట ఆపేశాను.

ఎందుకు పుట్టిస్తారన్న మీ మూడో ప్రశ్నకి నా జవాబు చాలామటుకు ఇందులోనే వచ్చేసింది. ఆట అయిపోతుంది, ఇష్టం అయిపోదు. మూలమూలా చూసేసిన లోకంలో ఇంకో గది ఉంటే బాగుండుననిపిస్తుంది. నేను దాన్ని తప్పుపట్టలేను. కానీ కొన్నిటిని తప్పుపడతాను, గట్టిగానే. పోకెమాన్ ఆటలోని లావెండర్ టౌన్ అనే ఊరి సంగీతం విని పిల్లలు చనిపోయారని 2010 ప్రాంతంలో ఒక కథ పుట్టింది. అలాంటిదేమీ జరగలేదు. అయితే 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఎపిసోడ్ ఒకటి, ఎరుపు నీలం కాంతులు వేగంగా మెరవడంతో, దాదాపు 685 మందిని ఆసుపత్రులకి చేర్చింది. అది నిజం. నిజంగా బాధపడిన పిల్లల సంగతి తీసుకుని దాని మీద చావుల కథ కట్టడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. 1981లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మనుషుల్ని పిచ్చివాళ్లని చేసిందన్న పోలీబియస్ అనే ఆట మెషీన్ కథా అలాంటిదే. ఆ మెషీన్ ఉన్నట్టు ఒక్క ఆధారమూ దొరకలేదు, కానీ అదే ఊళ్లో అదే ఏడాది ఆర్కేడ్‌లో, అంటే డబ్బులేసి ఆడే మెషీన్లుండే చోట, గంటలకొద్దీ ఆడినవాళ్లు జబ్బుపడిన మాట వాస్తవం.

మీరు జాగ్రత్తపడాల్సింది ఇంకొకటి ఉంది. 'దయ్యం ఉన్న వెర్షన్ ఇదిగో' అని వీడియో కింద ఫైల్ ఇస్తే బాబుని దింపుకోనివ్వకండి. నేనొకసారి అలాంటిది దింపుకుని కంప్యూటర్లోని సేవ్‌లన్నీ పోగొట్టుకున్నాను.

ఇక బాబు భయం సంగతి. 'అదంతా అబద్ధం, పడుకో' అంటే పోదు, నాకు అనుభవమే. మా తమ్ముడు నా వీడియో చూశాక చీకట్లో బాత్రూమ్‌కి కూడా ఒంటరిగా వెళ్లడం మానేశాడు. వాడికోసం చేసింది కాదు, కానీ మొదట బలైంది వాడే. మూడు రాత్రులు చూశాక నాకు నిద్ర పట్టలేదు. నేనే చేశానని చెప్తే నమ్మలేదు. నన్ను ఊరడించడానికి అంటున్నావు అన్నాడు.

మర్నాడు పగలు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మౌస్ వాడి చేతికే ఇచ్చాను. ఫైల్ వాడే తెరిచాడు. చర్మం వాడే బయటికి తీశాడు. ఏ రంగు పూయాలి అంటే పసుపు అన్నాడు. పది నిమిషాల తర్వాత ఆ అడవిలో పసుపుపచ్చ బిగ్‌ఫుట్ నిలబడి ఉంది. వాడు చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. తర్వాత అడిగాడు: 'మరి వాళ్లంతా చూశామన్నారు కదా అన్నయ్యా?' ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. వీడియో తీసేసి, నేనే చేశానని అక్కడ రాశాను. కొందరు తిట్టారు, కొందరు నా మాటే నమ్మలేదు.

మీరూ బాబు చేతికే పని ఇవ్వండి. మైన్‌క్రాఫ్ట్‌లో ఆటగాడి స్కిన్ ఒక చిన్న బొమ్మ ఫైల్ మాత్రమే. మామూలు స్కిన్ తెరిచి కళ్ల దగ్గరున్న నాలుగు చుక్కలూ వాడితోనే తెల్లగా చేయించండి. కాపలా కాయడానికి కాకుండా, నేర్చుకోవడానికి మీరూ పక్కన కూర్చోండి. ఆ రూపంతో వాణ్ణే ఆడనివ్వండి.

మా తమ్ముడు ఆ సాయంత్రం పాత ఫైల్‌ని వాడే తిరిగి పెట్టేశాడు. రాత్రి అన్నం తిన్నాక మళ్లీ అడవికి తీసుకెళ్లమన్నాడు. బిగ్‌ఫుట్ కోసం కాదట, ఆ డొక్కు కారు ఎక్కడ పుట్టి ఎక్కడిదాకా జారుతుందో చూడాలట. వాలు పైన నిలబడి, అది కదిలే దాకా ఇద్దరం ఎదురుచూశాం.