డేగ రెక్కలో మిగిలిపోయిన పాత ఈక

ప్రశ్న: మాది కడప జిల్లా, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. మా తమ్ముడు అబుదాబిలో ఒక యజమాని దగ్గర వేట డేగలను చూసుకుంటాడు. వాటిలో జైర్ డేగకూ (జైర్‌ఫాల్కన్) బైరి డేగకూ (పెరెగ్రీన్ ఫాల్కన్) పుట్టిన సంకరజాతి ఆడపక్షి ఒకటి ఏప్రిల్‌లో ఈకలు రాల్చడం మొదలుపెట్టి, అక్టోబరు వచ్చినా రెక్క కొసన ఒక పాత ఈకను విడవలేదట. కొత్త ఈకలు రెండింటి మీద అడ్డంగా సన్నని గీత కూడా ఉన్నదట. జబ్బేమోనని వాడు దిగులు పడుతున్నాడు. రాలిన ఈకలను మా అబ్బాయి కోసం పంపుతానంటున్నాడు, తెప్పించుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: పాత ఈక గురించి మీ తమ్ముడు దిగులు పడనక్కరలేదు, గీతల గురించి మాత్రం కొంచెం ఆలోచించాలి.

డేగ రెక్క కొసభాగంలో పెద్ద ఈకలు పది ఉంటాయి. మణికట్టు దగ్గర నుంచి బయటికి లెక్కపెడితే మొదట రాలేది నాలుగవది. ఆ తరువాత అయిదు, మూడు, ఇలా రెండు వైపులకూ సాగి, అన్నిటికన్నా బయటిదైన పదవది చివరి వంతులో రాలుతుంది. రెండు రెక్కల్లోనూ ఇంచుమించు ఒకేసారి, ఒక్కొక్కటిగా రాలడం వల్ల పక్షి ఏ రోజునా ఎగిరే శక్తిని పూర్తిగా కోల్పోదు. ఈ పని మొత్తానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది కనుక, అక్టోబరులో కొస ఈక మిగిలి ఉండడం వింత కాదు. ఒక్కొక్కప్పుడు అది మరుసటి ఏడు దాకా నిలిచిపోతుంది కూడా. సైబీరియా నుంచి చలికాలంలో మన దేశానికి వచ్చే బైరి డేగలు సైతం ఈకల మార్పును సగంలో ఆపి, ప్రయాణం ముగిశాక కొనసాగిస్తాయి.

ఈకలు ఎప్పుడు రాలాలో నిర్ణయించే వాటిలో ముఖ్యమైనది పగటి నిడివి. మన బెంగళూరులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర మాత్రమే. అబుదాబిలో అది సుమారు మూడు గంటలు. జైర్ డేగల పుట్టిల్లయిన ఆర్కిటిక్‌లోనైతే వేసవిలో పొద్దు గుంకని రోజులే ఉంటాయి. సంకరపక్షిలో ఏ వైపు పోలిక ఎంత వచ్చిందన్నది పక్షికీ పక్షికీ మారుతుంది కాబట్టి, పక్క గదిలోని బైరితో దీనిని పోల్చి చూసి కంగారుపడడం సరికాదు. ఈకలు తొందరగా రాలడానికని థైరాయిడ్ మందు పెట్టేవారున్నారు. అది ప్రమాదకరం; దయచేసి ఆ జోలికి పోవద్దని చెప్పండి.

ఇక గీతలు. ఈక పెరుగుతున్న రోజుల్లో మేత తప్పినా, పక్షి బెదిరినా, జబ్బుపడినా, ఆనాడు ఏర్పడిన భాగం బలహీనమై అడ్డగీతగా మిగిలిపోతుంది. దానిని పోగొట్టే మందు లేదు. తరువాతి మార్పు దాకా ఈక అక్కడే విరిగే భయం ఉంటుంది. రెండు ఈకల మీదా గీత ఉన్నదంటే, అవి పెరిగిన వారాల్లో ఏం జరిగిందో మీ తమ్ముడు గుర్తుచేసుకోవాలి: మేత మారిందా, గదిలో ఏసీ ఆగిందా, కొత్త మనుషులు వచ్చారా? చలిదేశపు రక్తమున్న ఈ పక్షికి ఎండదెబ్బ చిన్న విషయం కాదు. మొదలు భాగంలో ఇంకా నెత్తురు ఆరని లేత ఈకలున్నంతకాలం పక్షిని చేతితో పట్టుకోవడం కూడా వీలైనంత తగ్గించాలి.

ఈకలను మాత్రం తెప్పించుకోకండి. జైర్, బైరి రెండూ వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైట్స్ (CITES) ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నాయి. వాటి సంకరజాతికీ, రాలిన ఈకకూ అదే నియమం వర్తిస్తుంది. అనుమతిపత్రాలు లేకుండా పెట్టెలో పెట్టి తెస్తే నేరమవుతుంది. బాబుకు ఫోటోలు పంపమనండి. అంతకన్నా, ఆ ఈకల అవసరం పక్షికే ఎక్కువ: గీత దగ్గర కొత్త ఈక విరిగితే, దాని మొదలులో సన్నని వెదురు పుల్ల దూర్చి, అంతకుముందు రాలిన ఈకనే అతికించి ఎగరేస్తారు. కుడి ఎడమలూ, వరుస సంఖ్యలూ రాసి, పురుగు పట్టకుండా అక్కడే భద్రపరచమని చెప్పండి.