ఛాసిస్ మార్చాక అది మీ బండేనా?

ప్రశ్న: మాది గుంటూరు. నిజాంపట్నం హార్బర్ నుంచి చేపలు తెచ్చే టూ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. ఐసు నీళ్ళు, ఉప్పు కారి కారి ఫ్రేమ్ (ఛాసిస్) వెనక భాగం తుప్పుపట్టి పొరలుగా ఊడుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇదే మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఫ్రేమ్ దొరికింది. ఇంజిన్, క్యాబిన్ దాని మీదకి ఎక్కించి మా పాత ఛాసిస్ నంబరే కొట్టిస్తానని మెకానిక్ అంటున్నాడు. చేయించవచ్చా?

జవాబు: చేయించకండి. ముఖ్యంగా ఆ నంబర్ కొట్టించే మాట ఒప్పుకోకండి.

డోర్లు మార్చినా, టైర్లు మార్చినా బండి అదే. ఫ్రేమ్ సంగతి వేరు. దాని మీద చెక్కిన ఛాసిస్ నంబర్‌ను బట్టే ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ అన్నీ నడుస్తాయి. ఆ నంబర్ ఆర్‌సీలో ఉన్నదానితో కలవకపోతే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ కింద, మీ వివరణ అడిగి, రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. వేరే ఫ్రేమ్ మీద మీ నంబర్ చెక్కిస్తే ఇంకా ప్రమాదం. భారతీయ న్యాయ సంహితలో పత్రం అంటే కాగితమే కానక్కర్లేదు, ఇనుము మీద చెక్కిన అంకెలు కూడా అందులోకి వస్తాయి. 336 కింద ఫోర్జరీ, 318 కింద మోసం కేసులు పెట్టే అవకాశం ఉంది. ఆ ఫ్రేమ్ దొంగ బండిదని తేలితే మెకానిక్ ఏమో గానీ, స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మీరే.

ఇక టూ వీల్, ఫోర్ వీల్ తేడా. పైకి రెండూ ఒకేలా ఉన్నా ముందు చక్రాలకు కూడా శక్తి పంపే గేర్ల పెట్టె (ట్రాన్స్‌ఫర్ కేసు), ముందు ఇరుసు గేర్లు (డిఫరెన్షియల్) కూర్చునే పట్టీలు వేరు, బరువు వేరు. కంపెనీ ఏ రకానికి అనుమతి తీసుకుందో బండి అలాగే ఉండాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే అదే చట్టం 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. యాక్సిడెంట్ జరిగితే మీ బండి రిపేరు క్లెయిమ్‌కు ఇన్సూరెన్స్ వాళ్ళు అడ్డం తిరగడానికి ఇదొక్కటి చాలు.

మరి దారి లేదా అంటే ఉంది. తుప్పు వెనకే ఉందంటున్నారు కాబట్టి, నంబర్ ఉన్న భాగం కదపకుండా ఆ ముక్క వరకు కొత్త ఇనుముతో బాగు చేయించడం రిపేరే అవుతుంది. ఫిట్‌నెస్ తనిఖీలో నిలబడేలా తెలిసిన వాళ్ళతోనే చేయించండి. తుప్పు నంబర్ దాకా పాకుతోందని అనుమానం ఉంటే గీకించకముందే ఫొటోలు, ఛాసిస్ ప్రింట్ (నంబర్ మీద కాగితం పెట్టి తీసిన అచ్చు) తీసుకుని ఆర్టీఏ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలపండి. ఫ్రేమ్ మొత్తం పోయిందంటే కంపెనీ నుంచి అదే రకం ఫ్రేమ్ బిల్లుతో తెప్పించుకుని, ముందుగా అక్కడే దరఖాస్తు పెట్టాలి. కాగితం చేతికొచ్చాకే బోల్టులు విప్పండి. అప్పు తీరకపోతే ఫైనాన్స్ వాళ్ళ ఒప్పుకోలు కూడా తీసుకోండి.

ఫోర్ వీల్ డ్రైవే కావాలనుకుంటే ఆ ఫ్రేమ్ అమ్మేవాణ్ణి ఆర్‌సీ అడగండి. ఆర్‌సీ బతికి ఉంటే ఆ బండినే ఫారం 29, 30లతో మీ పేరుకు మార్పించుకుని, దానికి మీ సామాన్లు వాడుకోవచ్చు. ఇంజిన్ మారిస్తే ఆ సంగతి ఆర్‌సీలో ఎక్కించాలి. ఆర్‌సీ రద్దయి ఉంటే అది తుక్కే, బేరం వదిలేయండి.

ఈలోగా లోడు ఆపండి. పాడైందని తెలిసీ బండి తిప్పడం మోటారు వాహనాల చట్టం 190 కింద నేరం. అంతకన్నా, స్ప్రింగ్ పట్టీల దగ్గర కుళ్ళిన ఫ్రేమ్ రేపల్లె రోడ్డు మీద విరిగితే వెనక వచ్చే బైకు వాడి గతేంటో ఒక్కసారి ఆలోచించండి.