బ్లడ్ గ్రూప్ ఒకటే అయినా అక్క మూలుగ ఎందుకు సరిపోలేదు?

తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి) ఉన్న మీ బాబుకి, అక్కది బ్లడ్ గ్రూప్ ఒకటే అయినా హెచ్‌ఎల్‌ఏ కలవలేదని, ల్యాబ్ పొరపాటేమోనని అడిగారు. పొరపాటే అయ్యుండాలని లేదండీ. మూలుగ మార్పిడిలో బ్లడ్ గ్రూప్ కలవకపోయినా పర్వాలేదు, హెచ్‌ఎల్‌ఏ ముఖ్యం.

హెచ్‌ఎల్‌ఏ అంటే కణాల పైన ఉండే ప్రొటీన్లు. కణం లోపలి ప్రొటీన్ల చిన్న ముక్కల్ని పైకి తెచ్చి, రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు చూపిస్తాయి. ముక్క వైరస్‌ది అయితే టీ కణం ఆ కణాన్ని చంపేస్తుంది. హెచ్‌ఎల్‌ఏ తేడాగా ఉంటే, దాత మూలుగతో వచ్చే టీ కణాలు బాబు శరీరాన్నే పరాయిదనుకుని దాడి చేయొచ్చు. చర్మం, పేగులు, కాలేయం దెబ్బతింటాయి. అందుకే డాక్టర్లు అంత పట్టుబడతారు.

ఈ జన్యువులు 6వ క్రోమోజోమ్‌పై దగ్గరదగ్గరగా ఉంటాయి, సాధారణంగా గుత్తిగానే పిల్లలకు వస్తాయి. అమ్మ నుంచి ఒక గుత్తి, నాన్న నుంచి ఒక గుత్తి. కాబట్టి తోబుట్టువులు పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం, సగం కలిసేది 50 శాతం, అసలు కలవనిది 25 శాతం. తల్లిదండ్రులైన మీరిద్దరూ మాత్రం బాబుతో కనీసం సగం కలుస్తారు.

ఇంకో తోబుట్టువు ఉంటే తప్పక టెస్ట్ చేయించండి. లేకపోతే చెన్నైలోని దాత్రి అనే దాతల రిజిస్ట్రీలో వెతికించమని, సగం కలిసిన దాతతో చేసే హాప్లో మార్పిడి బాబుకి సరిపోతుందా అని మీ హెమటాలజిస్టుని (రక్త వ్యాధుల డాక్టర్ని) అడగండి. ఈలోగా రక్తం ఎక్కించడం, ఐరన్ తగ్గించే మందులు మాత్రం ఆపకండి.