మెరుపుల ఫోటోల గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. కొత్త కెమెరాతో ఈ వేసవిలో రాత్రిపూట మెరుపులను ఫోటో తీయాలని ఉందని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. స్టూడియో నడిపినవాడిని కనుక కెమెరా సంగతులతో మొదలుపెడతానని నీవు అనుకొని ఉంటావు గానీ, నీకు ముందుగా తెలియవలసినది దూరం. మెరుపు దూరాన ఉన్నప్పుడే దాని ఆకారం మొత్తం ఫ్రేములో ఇముడుతుంది, తీసే మనిషీ క్షేమంగా ఉంటుంది.

సోంపేటలో ఉండడం ఈ విషయంలో నీకు కలిసివచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన కొండల మీద సముద్రం నుంచి వచ్చే తేమగాలి కూడా తోడై, మధ్యాహ్నం దాటాక మబ్బులు నిలువుగా పెరుగుతాయి. పొద్దుగూకే వేళకు అవి తరచుగా మహేంద్రగిరి వైపు నుంచి తీరానికి దిగివస్తాయి. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీ ఊరికి పడమరగా ఇరవై కిలోమీటర్లకు పైనే ఉంది కనుక, మబ్బు కొండను పట్టుకొని ఉన్నంతసేపే డాబా మీద నీ పని. అది మందస దాకా వచ్చిందంటే సామాను సర్దుకోవలసిందే.

మెరుపు కనబడినప్పటి నుంచి ఉరుము వినబడే వరకు సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుందని మీ బడిలో చెప్పే ఉంటారు. ఆ లెక్క సరైనదే గానీ, దాన్ని నమ్ముకొని ఆరుబయట నిలబడకూడదు. వాన చినుకు కూడా లేని చోట, మబ్బుకు పదిహేను కిలోమీటర్ల అవతల సైతం పిడుగు పడగలదు. ఉరుము వినబడే దూరం కూడా దాదాపు అంతే. అందుచేత ఉరుము చెవిన పడిన మరుక్షణం లోపలికి వెళ్లాలి, ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేవరకు బయటకు రాకూడదు. మీ అమ్మమ్మ ఉరిమినప్పుడల్లా ‘అర్జునా, ఫల్గుణా’ అంటూ మీ అమ్మనూ నన్నూ గదిలోకి తోలేది. ఆ పేర్ల మహిమ మాట అలా ఉంచితే, గదిలోకి తోలడం మాత్రం అచ్చమైన శాస్త్రం. ఫోనులో పిడుగుల జాడ చెప్పే దామిని యాప్ పెట్టుకో. నీవున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను అది చూపిస్తుంది. వాతావరణ శాఖ వెబ్‌సైటులో విశాఖపట్నం డాప్లర్ రాడార్ (మబ్బుల కదలికను పసిగట్టే రాడార్) చిత్రాన్ని సాయంత్రం నుంచే గమనిస్తూ ఉంటే, మబ్బు ఎటు కదులుతోందో ముందే తెలుస్తుంది.

ఇక కెమెరా. మెరుపును చూసి బటన్ నొక్కితే ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే మన వేలు కదిలేలోగా దాని పని దాదాపు పూర్తయిపోతుంది. మనం ఒక్క మెరుపు అనుకునేది నిజానికి ఒకే దారిలో వెంటవెంటనే పరుగెత్తే నాలుగైదు విద్యుత్ ప్రవాహాలు. అది రెపరెపలాడినట్లు కనిపించేది అందుకే. కాబట్టి చీకటిలో షట్టర్ తెరిచి ఉంచి మెరుపు కోసం కాచుకోవాలి. ఇక్కడే కొత్తవారికి తికమక వస్తుంది. షట్టర్ పది సెకన్లు తెరిచినా ముప్పై సెకన్లు తెరిచినా మెరుపు తీగ వెలుగు మారదు, ఎందుకంటే అది వెలిగేది రెప్పపాటే. ఆ వెలుగును అదుపులో పెట్టేవి అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) మాత్రమే. షట్టర్ సమయం చేతిలో ఉన్నదల్లా కొబ్బరిచెట్లు, ఇళ్లు, వీధి దీపాలు, అంటే చుట్టూ ఉన్న మిగతా దృశ్యం. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే మిగిలినవన్నీ నీవే సర్దుకోగలవు.

ఇరవై కిలోమీటర్ల దూరపు మెరుపుకు ఐఎస్‌ఓ 200, అపెర్చర్ ఎఫ్ 5.6 దగ్గర మొదలుపెట్టు. తీగ తెల్లగా మొద్దుబారి, కొమ్మలు కలిసిపోయి కనిపిస్తే ఎఫ్ 8కి వెళ్లు, ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. షట్టర్ సమయాన్ని మాత్రం మబ్బు రాకముందే ఒకటి రెండు ఫ్రేములు తీసి నిర్ణయించుకో. వీధి దీపాలున్న వైపు ఏడెనిమిది సెకన్లు చాలవచ్చు, చీకటి వైపు ఇరవై అయినా పరవాలేదు. కెమెరాతో వచ్చిన 18–55 లెన్సు చాలు, దృశ్యం అన్నిటికంటే వెడల్పుగా వచ్చే 18 దగ్గర పెట్టి ఫ్రేములో ముప్పాతిక భాగం ఆకాశానికి వదులు. పగటి మెరుపుల కోసం అమ్మే ట్రిగ్గర్లు (మెరుపును పసిగట్టి షట్టర్ నొక్కే పరికరాలు) రాత్రి పనికి అనవసరం. ఆ డబ్బుతో బరువైన ట్రైపాడ్, తాళం పడే కేబుల్ రిలీజ్ (కెమెరాను తాకకుండా షట్టర్ నొక్కే తీగ బటన్) కొనుక్కో. వరుసగా ఫోటోలు తీసే కంటిన్యుయస్ మోడ్‌లో ఆ రిలీజ్‌ను తాళం వేసి వదిలితే కెమెరా తనంతట తానే ఫ్రేము తరువాత ఫ్రేము తీసుకుంటూ పోతుంది. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపివేయడం మరువకు, లేకుంటే ఇరవై సెకన్ల ఫ్రేముకు మరో ఇరవై సెకన్లు కెమెరా మూగబోతుంది, అసలైన మెరుపు సరిగ్గా అప్పుడే వస్తుంది.

ఎక్కువ ఫోటోలు పాడయ్యేది ఫోకస్ దగ్గర. లెన్సు ఫోకస్ రింగును చివరిదాకా తిప్పితే అనంతం (అతి దూరపు వస్తువులకు ఫోకస్ కుదిరే చోటు) వస్తుందనుకోకు, నేటి లెన్సులు చాలావరకు దాన్ని దాటి తిరుగుతాయి. తెర మీద దృశ్యాన్ని పది రెట్లు పెద్దది చేసి, హైవే అవతలి సెల్ టవర్ ఎర్రదీపం వంటి దూరపు వెలుగును చూస్తూ రింగును మెల్లగా తిప్పు. ఆ ఎర్రని మచ్చ చిక్కి చిక్కి చిన్న చుక్కగా మారి, మళ్లీ ఉబ్బడం మొదలవుతుంది. అది అతి చిన్నగా ఉన్న చోటికి వెనక్కి వచ్చి, మాన్యువల్‌లోనే ఉంచి, రింగు కదలకుండా టేపు అంటించు. ఏసీ గదిలో నుంచి నేరుగా తెస్తే మన తీరపు తేమకు లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది కనుక, కెమెరాను అరగంట ముందే బయటి గాలికి అలవాటు చేయి.

మబ్బు ఊరి మీదుగా సాగి బారువ తీరం దాటి సముద్రం మీదికి వెళ్లాక రెండో అవకాశం వస్తుంది. నా దృష్టిలో అదే మెరుగైనది, ఎందుకంటే వాన కడిగిన గాలిలో తీగ స్పష్టంగా వస్తుంది. అయితే అప్పటికీ ఉరుములు వినబడుతూనే ఉంటాయి కనుక, తూర్పు గదిలో కిటికీ ముందు ట్రైపాడ్ వేసి, నీవు కిటికీ ఇనుప కమ్మీలకు దూరంగా కూర్చో. కెమెరాను ఛార్జరుకు తగిలించి ఉంచకు. తీరానికి మాత్రం వెళ్లకు. ఇసుకలో నిలబడిన మనిషి, పక్కన తాటిచెట్టు, రెండూ పిడుగుకు తేలిక లక్ష్యాలే. కళింగపట్నం లైట్‌హౌస్‌తో కలిపి తీయాలని ఉందని రాశావు. అది అద్దాలు మూసిన కారులో కూర్చుని దూరం నుంచి తీయవలసిన ఫోటో, కాబట్టి నేను వచ్చేదాకా ఆగు.

చాలా ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పేర్చి ఆకాశం నిండా మెరుపులు చూపించడం ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. నాకు అది నచ్చదు. రా ఫైళ్లుగానే (కెమెరా కుదించని అసలు ఫైళ్లు) తీసి, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను సరిచేసే అమరిక) 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా ఉంచి, ఖాళీ ఫ్రేములను కూడా తుడిచేయకుండా నాకు పంపు. వాట్సాప్‌లో పంపేటట్లయితే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపు, లేకుంటే సన్నని కొమ్మలన్నీ దారిలోనే చెరిగిపోతాయి.

ఇట్లు,
మావయ్య