వేర్వేరు పార్టీల ఇద్దరు స్నేహితుల మీద కామిక్ స్ట్రిప్ గీయాలంటే

మీ ఊళ్ళో చెరో పార్టీ జెండా మోసే ఇద్దరు ప్రాణస్నేహితులున్నారని, వాళ్ళ మీద రాజకీయ కామిక్ స్ట్రిప్ (వరస ఫ్రేముల్లో నడిచే బొమ్మల కథ) గీస్తే ఎవరో ఒకరి తరఫున మాట్లాడినట్టు ఉంటుందేమోనని అడిగారు. నాది సోంపేట దగ్గర పల్లె. ఇలాంటి స్ట్రిప్పే మా జిల్లాలో ఒక చిన్న మాసపత్రికకి కొంతకాలం గీశాను. పక్షపాతం సంగతి తర్వాత చూద్దాం. ఆ ఇద్దరినీ కలిపి ఉంచే పని ఏమిటో ముందు తేల్చుకోండి. ఒట్టి అభిమానం మీద స్ట్రిప్ ఎక్కువ కాలం నడవదు. ఒకరు లేకపోతే ఇంకొకరికి జరగని పని ఏదో ఒకటి ఉండాలి.

నాకు అది తిత్లీ తుపానులో దొరికింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. నా పాత్రలు అప్పన్న, గవరయ్య వరసకి బావా బావమరుదులు, పక్కపక్క తోటల వాళ్ళు. దారికి అడ్డంగా పడ్డ చెట్టుని ఇద్దరు పట్టి లాగే రంపంతో కోస్తుంటారు. "మీ వోళ్ళొచ్చి ఏటి సేసినారు బావా?" అని ఒకడు. "మీ వోళ్ళుంటే గాలి ఆగిపోద్దేటి?" అని రెండోవాడు. ఆఖరి ఫ్రేములో ఇద్దరూ చెమటలు కక్కుతూ "ముందు రంపం లాగు!" అంటారు. పార్టీ ఎవరిది వాళ్ళదే, రంపం మాత్రం ఇద్దరిదీ. నష్టపరిహారం జాబితా, రేషన్, బోరు నీళ్ళు అంటూ చాలా స్ట్రిప్పులు దాని వెంటే వచ్చాయి.

అమెరికాలో గ్యారీ ట్రూడో 1970లో మొదలుపెట్టిన డూన్స్‌బరీ అనే కామిక్ స్ట్రిప్ దొరికితే చూడండి. అందులో బి.డి. యుద్ధాన్ని గట్టిగా సమర్థించే కుర్రాడు. వియత్నాం వెళ్ళి దారి తప్పి, అమెరికా సైన్యంతో పోరాడే వియత్‌కాంగ్ దళంలోని ఫ్రెడ్ అనే గెరిల్లాకి చిక్కుతాడు. ఆ ఇద్దరూ స్నేహితులవుతారు. శత్రువులిద్దరినీ ఒకే అడవిలో ఇరికించడంలోనే ఉంది ఆ రచయిత తెలివి. ఎడిటోరియల్ కార్టూన్లకిచ్చే పులిట్జర్ బహుమతి 1975లో ఆయనకి వచ్చింది. అంతకు ముందు కామిక్ స్ట్రిప్‌కి ఆ బహుమతి ఇవ్వలేదు.

ఇక పక్షపాతం సంగతి. ఒక జోకు వీడి మీద వేశాం కదా, ఇంకోటి వాడి మీద వెయ్యాలని లెక్కలు కట్టకండి, స్ట్రిప్ చప్పబడిపోతుంది. అధికారంలో ఎవరుంటే వాళ్ళకే ఎక్కువ చురకలు తగులుతాయి, తగలాలి కూడా. అసలు పార్టీల గుర్తులు వెయ్యొద్దు. నేను ఒకడికి చారల కండువా, రెండోవాడికి ఖాళీ కండువా వేశాను. నలుపు తెలుపు అచ్చులో అదే సరిపోయింది.

ఒకరి వాదన ఇంకొకరు ఒప్పేసుకునేలా మాత్రం ఎప్పుడూ రాయకండి. ఎన్నికల ముందు మా సంపాదకుడు గవరయ్యని పార్టీ మార్పించమన్నాడు. నేను ఒప్పుకోలేదు, అక్కడితో పత్రికలో స్ట్రిప్ ఆగింది. ఆ తర్వాత గీసినవి జిరాక్సులు తీయించి టీకొట్టు గోడకి అంటించేవాణ్ణి. రెండు పార్టీల వాళ్ళూ నిలబడి చదివేవారు. నాకు అంతకంటే మంచి పాఠకులు దొరకలేదు.

గీసేటప్పుడు మాటలు ముందు రాసుకుని, వాటి చుట్టూ బెలూన్ గీసి, మనుషుల్ని ఆ తర్వాత వెయ్యండి. మన అక్షరాలకి గుడులు, వత్తులు పైకీ కిందకీ చోటు తింటాయి. బెలూన్‌లో రెండు వరుసలు దాటితే చదవడం కష్టం. సంభాషణల్లో యాస పట్టాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయానికి వెళ్ళి మన వైపు కథలు చదవండి.

ఆ ఇద్దరు స్నేహితుల్నీ ముందే అడిగి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. పేర్లు, పోలికలు మార్చినా ఊళ్ళో ఇట్టే కనిపెట్టేస్తారు. ఎన్నికల రోజుల్లో మీ బొమ్మ పట్టుకుని ఎవరూ వాళ్ళ ఇంటి మీదకి గొడవకి రాకూడదు.